మిక్సర్‌లో ముందు గెయిన్, తర్వాతే ఫేడర్

కోనసీమలో తీర్థానికో సంక్రాంతికో హరికథ పెట్టినప్పుడు గొంతు పగిలినట్టు వినిపిస్తే, అందరి చెయ్యీ మిక్సర్‌లో పైకీ కిందకీ జరిపే ఫేడర్ మీదకే పోతుంది. చూడాల్సింది ఆ మైకు ఛానల్లో (నిలువు వరసలో) పైన ఉండే గెయిన్ నాబ్, మైకు సౌండ్ మిక్సర్‌లోకి ఎంత రావాలో చెప్పేది అదే. ఫేడర్ దించేసి, పీఎఫ్ఎల్ (ఫేడర్ దించినా ఆ మైకు సౌండ్‌ను మీటర్‌లో చూపే బటన్) నొక్కి, భాగవతార్ గారిని గట్టిగా ఎత్తుకునే పద్యం ఒకటి పాడమనండి. ‘హలో, మైక్ టెస్టింగ్’ దేనికీ పనికిరాదు, కథలో ఎవరూ అలా మాట్లాడరు. మీటర్ సున్నా దగ్గర ఆడాలి, సౌండ్ హద్దు దాటిందని చెప్పే పీక్ లైటు వెలగకూడదు. ఇక ఆ నాబ్ జోలికి పోవద్దు. మధ్యలో తిప్పితే స్టేజి మానిటర్లోనూ సౌండ్ పెరిగి కుయ్యిమంటుంది.

ఎక్కువ తక్కువలు ఫేడర్‌తోనే చూసుకోండి. సున్నా గీత దగ్గరుంటే సన్నటి తేడా కూడా చేతికి దొరుకుతుంది; బాగా కిందుంటే వెంట్రుకవాసి జరిపినా సౌండ్ పడిపోతుంది.

గొంతు మైకులన్నిటికీ లో కట్ (బాగా కింది స్థాయి సౌండ్లను కోసేసే బటన్) నొక్కేయండి, బటన్ పక్కన 80 అనో 100 హెర్ట్జ్ అనో ఉంటుంది. అంతర్వేది వైపు సముద్రపు గాలి చేసే బుస, గజ్జెల కాలు పలక మీద పడే ధబ్‌ధబ్ చాలావరకు తగ్గుతాయి. మృదంగానికి మాత్రం నొక్కకండి, ఎడమవైపు పలికే గుమ్కీ (బరువైన గుంభన నాదం) పలచబడిపోతుంది.