న్యూ బ్రన్స్‌విక్ వస్తున్నారా? మీరు దిగే ఊరు దేనిమీద బతుకుతోందో ముందు కనుక్కోండి

టొరంటోని ఊహించుకుని న్యూ బ్రన్స్‌విక్‌లో దిగినవాళ్లకి మొదట్లో అంతా అయోమయంగా ఉంటుంది. కెనడా తూర్పు తీరాన ఉన్న ఈ ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) మొత్తం జనాభా పది లక్షలు కూడా లేదు. మాంక్టన్, సెయింట్ జాన్, రాజధాని ఫ్రెడరిక్టన్ తప్పిస్తే మిగతావన్నీ చిన్న ఊళ్లు. వాటి మధ్యంతా అడవే, నేలలో 80 శాతానికి పైగా. ఇలాంటి చోట ఒక్కో ఊరు ఒక్కో పరిశ్రమని నమ్ముకుని ఉంటుంది. అద్దె ఎంత, స్కూలు ఎలా ఉంది అని అడిగే ముందు ఆ సంగతి అడగాలి.

సెయింట్ జాన్‌లో కెనడాలోకెల్లా పెద్ద చమురు శుద్ధి కర్మాగారం ఉంది, రోజుకి 3 లక్షల బ్యారెళ్ల పైనే. ఓడరేవు కూడా అక్కడే. సెయింట్ జాన్ నది వెంబడి పైకి వెళితే బంగాళాదుంప పొలాలు, ఫ్లోరెన్స్‌విల్‌లో 1957లో మొదలైన, ఫ్రెంచ్ ఫ్రైలు చేసే మెకెయిన్ కంపెనీ. కలప మిల్లులు చాలా చోట్ల కనిపిస్తాయి. అయితే వీటి సరుకు ఎక్కువగా వెళ్లేది అమెరికాకి కాబట్టి, అక్కడ సుంకం పెరిగితే ఇక్కడ షిఫ్టులు తగ్గుతాయి.

ఇల్లు చవగ్గా వస్తోందని ఏదో చిన్న ఊరికి వెళ్లిపోకండి. ఎందుకు చవకో చూడండి. బాథర్స్ట్ దగ్గర దాదాపు యాభై ఏళ్లు నడిచిన జింకు, సీసం గని 2013లో మూతపడింది. సస్సెక్స్ దగ్గర పొటాష్ (ఎరువుల్లో వాడే ఖనిజం) గని 2016 జనవరిలో ఆగిపోయింది. మిరమిషి కాగితం మిల్లు 2007లోనే పోయింది. తర్వాత కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాలు చూసే కార్యాలయాన్ని మిరమిషిలో పెట్టింది. నన్నడిగితే, మిల్లు పోయిన చోట ఆఫీసు పెట్టడం ఊరట మాత్రమే, మిల్లు మీద బతికిన కుటుంబాలన్నిటికీ అది సరిపోదు. అలాగని ఆ ఊళ్లలో పని లేదని కాదు, ఆసుపత్రులకీ వృద్ధుల సంరక్షణ కేంద్రాలకీ మనుషులు ఎప్పుడూ కావాలి. కాకపోతే నర్సుకైనా ఎలక్ట్రీషియన్‌కైనా ఇక్కడి లైసెన్సు ఉండాలి. ఆ పని బయల్దేరక ముందే మొదలుపెట్టండి.

తీరంలో, షెడియాక్ నుంచి అకేడియన్ ద్వీపకల్పం దాకా, లాబ్‌స్టర్లనీ పీతల్నీ శుభ్రం చేసి ప్యాక్ చేసే ప్లాంట్లు ఉన్నాయి. రబ్బరు బూట్లు, జుట్టుకి వల, చలిగా తడిగా ఉండే హాలు, గంటల తరబడి నిలబడి చేసే పని. సీజన్ ముఖ్యంగా వసంతం నుంచి శరదృతువు దాకా. ఆ తర్వాత స్థానికులు చాలామంది నిరుద్యోగ బీమా మీద చలికాలం వెళ్లదీస్తారు. ఆ బీమాకి మీరు పనిచేసిన గంటలు లెక్కలోకి వస్తాయి, ఎన్ని గంటలు కావాలో ఆ ప్రాంతపు నిరుద్యోగ రేటుని బట్టి మారుతుంది. కాబట్టి జీతం చీటీలన్నీ దాచుకోండి.

అట్లాంటిక్ ఇమ్మిగ్రేషన్ ప్రోగ్రామ్‌లో, అంటే ఇక్కడి ఉద్యోగం ఆధారంగా శాశ్వత నివాసం (పీఆర్) ఇచ్చే పథకంలో, రావాలనుకునేవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి. 2022 నుంచి శాశ్వతమైన ఈ పథకంలో సీజనల్ పని చెల్లదు. ఏడాది పొడవునా ఉండే ఫుల్‌టైమ్ ఉద్యోగం, ప్రావిన్స్ గుర్తించిన యజమాని, రెండూ ఉండాలి. కొత్త చోట స్థిరపడటానికి కావాల్సిన సెటిల్‌మెంట్ ప్లాన్ ఉచితంగానే చేసిస్తారు. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగినవాళ్లని నమ్మకండి, అది చట్టవిరుద్ధం.

ఇంకో సంగతి, భాష. కెనడాలో అధికారికంగా ద్విభాషా ప్రావిన్స్ ఇదొక్కటే. దాదాపు మూడోవంతు జనానికి ఫ్రెంచ్ మాతృభాష. ప్రకటనలో ఫ్రెంచ్ 'తప్పనిసరి' అని ఉంటే వదిలేయండి, 'వస్తే మంచిది' అని ఉంటే మాత్రం ధైర్యంగా దరఖాస్తు పెట్టండి. పీఆర్ ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఖర్చుతో భాషా తరగతులు ఉంటాయి, బద్ధకించకుండా చేరండి.

సొంతంగా చిన్న వ్యాపారం పెట్టే ఆలోచన ఉంటే, మాంక్టన్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న అట్లాంటిక్ కెనడా ఆపర్చునిటీస్ ఏజెన్సీ గురించి తెలుసుకోండి. 1987లో కేంద్రం పెట్టిన ఈ సంస్థ పని ఈ ప్రాంతంలో వ్యాపారాలు నిలదొక్కుకునేలా చూడటమే. పల్లె ప్రాంతాల్లో సీబీడీసీలు, అంటే చిన్న వ్యాపారాలకి సాయం చేసే స్థానిక సంస్థలు, చిన్న అప్పులు ఇస్తాయి.

ఇక కారు. మూడు నగరాల్లో సిటీ బస్సులున్నాయి గానీ, మిల్లులూ ప్లాంట్లూ ఆ రూట్లలో ఉండవు. అందుకని ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు యజమానిని రెండు మాటలు అడగండి: పనిచోటికి ఎలా చేరుకోవాలి, పోయిన చలికాలం ఎంతమందిని లేఆఫ్ చేశారు.