లియాన్ బూషోన్‌లో భోంచేయాలంటే

బూషోన్ అంటే ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో కనిపించే చిన్న భోజనశాల. గళ్ల టేబుల్ క్లాతులు, మన మోచెయ్యి పక్కవాళ్ల ప్లేటుకు తగిలేంత ఇరుకు. అందుకే ముందే బుక్ చేసుకోండి. ఆదివారం మూసేసేవి చాలానే ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి ఆకలేసినా లాభం లేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా, మళ్లీ రాత్రి ఏడు దాటాకే పొయ్యి వెలుగుతుంది.

లోపలికి వెళ్లగానే ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చోకండి. గుమ్మం దగ్గరే ఆగి 'బోంజూర్' అనండి, పొద్దుపోయాక అయితే 'బోన్‌స్వార్'. ఆ ఒక్క మాట అనకపోతే ఎదుటి మొహంలో తేడా వెంటనే తెలిసిపోతుంది.

చేతికిచ్చే వంటకాల జాబితా అట్టను 'కార్త్' అంటారు. 'మెనూ' అంటే ఒకే ధరకు వచ్చే రెండు మూడు వంటకాల సెట్టు. మొదటిసారి దానికే వెళ్లండి, విడివిడిగా తీసుకున్నదానికంటే చవక. 'ఆంత్రే' అని రాసి ఉంటే మెయిన్ కోర్సు అనుకోకండి, అది మొదట తినేది. అసలు భోజనం 'ప్లా'.

నేను చేసిన పొరపాటు ఆందూయెత్. సాసేజ్ కదా అని చూపించాను. వడ్డించేవాడు "మీకు ఇది తెలుసా?" అని రెండుసార్లు అడిగాడు. తెలుసన్నట్టు దర్జాగా తలూపాను. కత్తి దించగానే లోపల చుట్టలు చుట్టిన ముక్కలు బయటికి జారాయి, వాటి వెంట పశువుల కొట్టం వాసన. అది పంది పేగులను పేగులోనే కూరి చేసే వంటకం! మా ఆవిడ నా ప్లేటును మెల్లగా నావైపు ఇంకాస్త జరిపింది. తను తెప్పించుకున్న కెనెల్ మాత్రం అద్భుతం: పైక్ చేప గుజ్జును గుడ్డు, క్రీముతో కలిపి చేసిన ముద్ద, ఓవెన్‌లో ఉబ్బి, మంచినీటి రొయ్యల్లాంటి క్రేఫిష్ సాస్‌లో తేలుతూ వచ్చింది. ఫొటోలు తీస్తూ కూర్చుంటే అణిగిపోతుంది, వేడిమీదే తినేయాలి.

పంది మాంసం తిననివాళ్లు సలాడ్ దగ్గర కూడా జాగ్రత్త. 'సలాద్ లియోనెజ్'లో చేదు ఆకుల మీద సగం ఉడికిన గుడ్డుతోపాటు బేకన్ ముక్కలు ఉంటాయి. 'సాఁ పోర్' అని ముందే చెప్పండి. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే అడగడం మేలు, ఇవి ప్రధానంగా మాంసం వండే చోట్లు. పేరు చూసి భయపడనక్కర్లేనిది 'సెర్వెల్ ద కనూ'. పట్టు నేతగాడి మెదడు అని అర్థం, కానీ మెదడూ లేదు, మాంసమూ లేదు. గట్టి పెరుగులా ఉండే తాజా చీజ్‌లో ఉల్లికాడల్లాంటి ఆకు, వెల్లుల్లి కలిపింది. లియాన్‌లోని క్రువా రూస్ కొండమీద మగ్గాలపై పట్టు నేసిన కార్మికులను కనూలనేవారు, పేరు వాళ్లదే.

నీళ్లకు 'ఊన్ కరాఫ్ దో' అనండి, కుళాయి నీళ్లు ఉచితం. ఊరికే నీళ్లంటే డబ్బులు పడే సీసా రావచ్చు. బ్రెడ్డుకూ విడిగా లెక్క కట్టరు, ప్లేటు పక్కన గుడ్డమీదే పెట్టుకోవచ్చు. వైన్ తాగేవాళ్లకు 'పో' అని మందపాటి అడుగున్న 46 సెంటీలీటర్ల సీసా ఉంటుంది, ఇద్దరికి సరిపోతుంది. కాఫీ స్వీటుతో కాదు, స్వీటు అయిపోయాకే.

బిల్లు అడిగితేనే వస్తుంది. మేము తెలియక నలభై నిమిషాలు కూర్చున్నాం, మమ్మల్ని మర్చిపోయారేమోనని ఒకటే టెన్షన్. అతిథిని తరిమినట్టుంటుందని వాళ్లు ఇవ్వరట. చూపు కలిపి 'లాదిస్యోఁ, సిల్ వూ ప్లే' అనండి చాలు. సర్వీస్ చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది. నచ్చితే ఒకటి రెండు యూరోల నాణేలు టేబుల్ మీద వదిలి, వెళ్తూ వెళ్తూ 'మెర్సీ, ఓర్వార్' అనండి.