నాడా ముడితో తంటా

బెజవాడ ఎండాకాలంలో పొద్దున ఆరింటికి యోగా మొదలెట్టగానే ఒళ్లంతా చెమట. పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు చెమట పీల్చదు, తొడలకు అతుక్కుపోయేది. సరేనని పాత కాటన్ పైజామాకి మారాను. హాయిగానే ఉంది గానీ, భుజంగాసనానికి బోర్లా పడుకోగానే నాడా ముడి సరిగ్గా బొడ్డు కింద గుచ్చుకునేది. వీరభద్రాసనంలో కాలు చాపితే ఒకరోజు కుట్టు పర్రున చిరిగింది. పక్క చాప మీది పిన్నిగారు నవ్వాపుకోలేకపోయారు.

బీసెంట్ రోడ్డులో కాటన్ గుడ్డ కొని, కొత్త పైజామా కుట్టమని మా వీధి టైలర్‌కిచ్చాను. నాడా బదులు వెడల్పు ఎలాస్టిక్, కాళ్ల మధ్య పలకలా ఒక అదనపు ముక్క వేయించాను. టీషర్టు మాత్రం ఒంటికి పట్టినట్టుండేదే. వదులుదైతే, తల కిందికి, నడుము పైకి ఉండే అధోముఖ శ్వానాసనంలో మొహం మీదికి జారుతుంది.

కుట్టించే ముందు గుడ్డ తడిపి ఆరేయండి. నేను మర్చిపోయాను, రెండు ఉతుకులకే రెండు అంగుళాలు పొట్టిదయింది.