కరకరలాడే రీలు, జారే డ్రాగ్: స్పిన్నింగ్ రీలుకు ఇంటి వైద్యం

భీమిలి దగ్గర రాళ్ల మీద నిలబడి ఒక సాయంత్రమంతా గాలం వేస్తే చేప పడినా పడకపోయినా రీలులోకి ఉప్పు మాత్రం చేరుతుంది. నాలుగు రోజుల తర్వాత తిప్పి చూస్తే కరకరమంటుంది. వెంటనే చెయ్యి స్క్రూడ్రైవరు మీదికి పోతుంది. నా చెయ్యి కూడా అలాగే పోయింది. దారాన్ని పట్టి రీలు మీదికి మళ్లించే తీగ కమ్మీని బెయిల్ అంటారు. దాని పక్కనున్న చిన్న మూత విప్పగానే లోపలి స్ప్రింగు ఎగిరి తులసికోటలో పడింది. మట్టంతా జల్లించినా దొరకలేదు. అందుకే ఇక్కడ మరలు విప్పే పనిని వీలైనంత వెనక్కి నెట్టాను. చెప్పేదంతా రాడ్డు కింద వేలాడుతూ, తీగ బెయిల్ ఉండే స్పిన్నింగ్ రీలు గురించే.

తిప్పితే కరకరమంటోంది

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోవాలి. డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొద్దికొద్దిగా వదిలే బిగింపు. దాని నాబ్ పూర్తిగా విప్పి, దారం చుట్టి ఉండే స్పూల్ తీసి పక్కన పెట్టి, హ్యాండిల్ తిప్పండి. శబ్దం పోయిందంటే దోషం స్పూల్ దగ్గరే ఉంది. స్పూల్ అడుగున ఇసుక చేరి ఉంటుంది, లేదా దారం పోగొకటి జారి ఇరుసుకు చుట్టుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఖాళీగా తిప్పితే నిశ్శబ్దంగా ఉండి, చేపో బరువైన సీసమో లాగుతున్నప్పుడు మాత్రమే కీచుమంటే లైన్ రోలర్‌ను అనుమానించండి. బెయిల్ చివర దారం మలుపు తిరిగే చోట ఉండే చిన్న చక్రమది. దారం మీద లాగుడు ఉంటేనే అది తిరుగుతుంది. అన్నిటికన్నా ముందు ఉప్పు పట్టేదీ, అందరూ మరచిపోయేదీ అదే. ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి వేలితో తిప్పండి. కదలకపోతే దాని ఒక్క మరా విప్పి కడగాలి.

ఈ రెండూ కాకపోతే చప్పుళ్లు లెక్కపెట్టండి. హ్యాండిల్ ఒక చుట్టుకు ఒక్కసారే 'టక్' మంటే పెద్ద గేరులో పన్ను దెబ్బతిని ఉండాలి, లేదా హ్యాండిల్ పక్క బేరింగులో ఇసుక చేరి ఉండాలి. ఒక చుట్టుకు ఐదుసార్లు అంటే దోషం బెయిల్‌తో పాటు తిరిగే ముందుభాగంలో (రోటర్), దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ వైపు ఉంది. రీలు మీద 5.2:1 అని ఉంటే హ్యాండిల్ ఒకసారి తిరిగేలోగా ముందుభాగం ఐదుసార్లకు పైగా తిరుగుతుందన్నమాట. ఈ లెక్క ముందే తెలిస్తే విప్పేటప్పుడు సగం రీలు జోలికి పోనక్కర్లేదు.

హ్యాండిల్ వెనక్కి తిరుగుతోంది

చేప కొట్టినప్పుడు రాడ్డు ఎత్తితే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల మీద కొడుతుంది. లోపల ఒకవైపే తిరగనిచ్చే క్లచ్ బేరింగు ఒకటి ఉంటుంది. దాని సన్నని రోలర్లు ఇరుసును బిగించి పట్టుకుంటేనే వెనక్కి తిరగకుండా ఆగుతుంది. అక్కడ గ్రీజు చేరితే పట్టు జారుతుంది. చాలాసార్లు ఆ గ్రీజు పూసింది మనమే. రీలు బరువుగా తిరుగుతోందని కనబడిన చోటల్లా గ్రీజు దట్టించి ఈ ముచ్చట నేనే కొనితెచ్చుకున్నాను. రోటర్ తీసి, క్లచ్‌ను విడదీయకుండా స్పిరిట్‌తో కడిగి, ఆరాక పల్చని నూనె ఒక్క చుక్క వేయండి. విడదీస్తే రోలర్లన్నీ ఒళ్లో రాలతాయి.

డ్రాగ్ జారుతోంది, లేదా కుదుపులతో వదులుతోంది

ఎంత బిగించినా దారం పోతూనే ఉంటే డ్రాగ్‌ను నిందించే ముందు స్పూల్‌ను అరచేత్తో గట్టిగా పట్టుకుని దారం లాగి చూడండి. స్పూల్ కదలకుండా దారం మొత్తం దాని మీద తిరుగుతోందా? అయితే డ్రాగ్ నిర్దోషి. సన్నని పోగులు అల్లి చేసిన నున్నటి బ్రెయిడ్ దారాన్ని నేరుగా స్పూల్‌కు కడితే ఇలాగే జారుతుంది. అడుగున కొన్ని చుట్లు మామూలు నైలాన్ దారం చుట్టి, దానికి బ్రెయిడ్ ముడి వేయాలి.

కుదుపులతో వదులుతుంటే మాత్రం తప్పు వాషర్లదే. నాబ్ కింద తీగ రింగు ఉంటుంది, అది తీస్తే వాషర్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి. వచ్చిన వరుసను ఫోనులో ఫొటో తీసుకోండి. ఫెల్టు వాషర్లు అణిగి, ఎండి అట్టముక్కల్లా మారితే కొత్తవి వేయాలి. కార్బన్ వాషర్లయితే తుడిచి, డ్రాగ్ కోసమే అమ్మే గ్రీజు పల్చగా రాస్తే చాలు. ఇంటికి వచ్చాక డ్రాగ్ వదులు చేసి ఉంచితే ఫెల్టు అణగదు. ఎంత బిగించాలన్నది మాత్రం చేతి అంచనాకు వదలకండి. దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు బిగించాలి. 6 కిలోల దారానికి ఒకటిన్నర నుంచి 2 కిలోలు. స్ప్రింగు కాటాకు దారం కట్టి లాగితే తెలిసిపోతుంది.

దారం మెలిపడి ముడులు పడుతోంది

రీలుది తప్పు కానే కాదు. పండుగప్ప దారం లాక్కుపోతుంటే కంగారులో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాం. డ్రాగ్ జారుతున్నప్పుడు తిప్పే ప్రతి చుట్టూ దారానికి ఐదు మెలికలు వేస్తుంది, ఒక్క అంగుళమైనా లోపలికి రాదు. చేప పరిగెత్తేటప్పుడు చెయ్యి ఆపండి. గాలం విసిరాక బెయిల్‌ను చేత్తో మూయండి. స్పూల్ అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగానే దారం నింపండి. ఇప్పటికే పడిన మెలికలు పోవాలంటే గాలం, సీసం తీసేసి దారాన్ని నడిచే పడవ వెనక నీటిలో ఈడ్చి తిరిగి చుట్టాలి.

దారం ఊరికే తెగుతోంది

చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో స్పూల్ అంచు, లైన్ రోలర్ చుట్టూ రాయండి. దూది పోగు చిక్కుకున్న చోటే దారం కోసుకుపోతోంది. అంచు మీది గీతను సన్నని నీటి ఉప్పుకాగితంతో నున్నగా చేయవచ్చు. రోలర్‌కు గాడి పడితే మార్చడమే.

విప్పక తప్పనప్పుడు

తెల్లటి గుడ్డ పరిచి, ఖాళీ గుడ్ల ట్రేలో భాగాలను విప్పిన వరుసలోనే పెట్టండి. కాగితమంత పల్చని వాషర్లు గ్రీజుతో బేరింగుకు అంటుకుని వస్తాయి. కిరోసిన్‌లో కడిగేటప్పుడు పోయేవి అవే. కొన్ని రీళ్లలో ఎడమ మరలుంటాయి, కాబట్టి రాకపోతే బలం పెంచకుండా రెండోవైపు తిప్పి చూడండి. కిరోసిన్ లోహపు భాగాలకే, ప్లాస్టిక్‌కు సబ్బునీళ్లు. పెట్రోలు దేనికీ వద్దు. గేర్లకు గ్రీజు, బేరింగులకు నూనె. కొబ్బరినూనె రాసేవాళ్లను చూశాను. చలికాలం ఉదయం అది సీసాలో ఎలా పేరుకుంటుందో రీలులోనూ అలాగే పేరుకుంటుంది.

ఎవరికి ఇవ్వాలి

'రీళ్లు బాగుచేయబడును' అన్న బోర్డు మన ఊళ్లలో కనబడదు. వారంటీ ఉంటే మర కూడా ముట్టుకోకుండా కొన్న చోటే ఇవ్వండి. లేకపోతే గాలాల సామాన్ల దుకాణంలో అడగండి. వాళ్లు బాగుచేయకపోయినా ఎవరి చేతి పని మంచిదో వాళ్లకు తెలిసి ఉంటుంది. అక్కడా దొరకకపోతే కుట్టుమిషన్ల మెకానిక్ దగ్గరికి వెళ్లండి. చిన్న గేర్లు, చిన్న స్ప్రింగులు ఆయనకు రోజూ పనే. బేరింగు కోసం రీళ్ల కంపెనీని వెతకాల్సిన పని లేదు. పాతదాన్ని బేరింగుల దుకాణానికి పట్టుకెళ్తే కొలిచి ఇస్తారు. 7×11×3 మిల్లీమీటర్లదైతే 'ఎంఆర్ 117' అనీ, 4×7×2.5 అయితే 'ఎంఆర్ 74' అనీ అడగవచ్చు. ఉప్పునీటికి స్టెయిన్‌లెస్ రకమే తీసుకోండి.

ఎవరికి ఇచ్చినా విప్పిన ముక్కలు సంచిలో పోసి ఇవ్వకండి. లోపాన్ని కూడా "పాడైంది" అనకుండా "చేప లాగినప్పుడే కీచుమంటోంది" అన్నట్టు చెప్పండి, సగం కూలీ మిగులుతుంది. మార్చిన పాత భాగాన్ని తిరిగి అడగండి. చవక రీలులో పెద్ద గేరు పళ్లు అరిగిపోయి, విడిగా గేరు దొరకకపోతే మాత్రం ఖర్చు దండగ. అయినా ఆ రీలును పారేయకండి. నా రీలు బెయిల్ ఇప్పుడు టప్పున మూసుకుంటోందంటే, అదే మోడల్ పాడైన రీలొకటి స్నేహితుడి అటక మీద ఉండబట్టే.