అంతరిక్షంలో నవ్వించడం – 4వ పాఠం: ముందు ఆ కంప్యూటర్ నోరు మూయించండి

ఒక గది, ఇద్దరు మనుషులు, సాయం వచ్చే దారి లేదు. పోయినసారి వీటితో ఒక అంతరిక్ష కామెడీ సీను రాయమన్నాను. వచ్చిన సీన్లలో చాలావరకు ఒకేలా మొదలయ్యాయి. లైట్లు ఆరిపోతాయి. ఓడలోని కంప్యూటర్ గొంతు విప్పి, రియాక్టర్ పాడైందనీ ఆక్సిజన్ ఇంత శాతానికి పడిపోయిందనీ అర పేజీ వార్తలు చదువుతుంది. కాబట్టి ఈసారి చెబుతానన్న పాత్రల ఎంట్రీ పాఠం వాయిదా. సీను హెడ్డింగులు, పేజీ లెక్కలు మీకు తెలిసినవే కనక వాటి జోలికి పోను.

కంప్యూటర్ చెప్పిన వార్త ఇద్దరికీ ఒకేసారి, ఒకేలా చేరుతుంది. ఇక గొడవ పడటానికి ఏం మిగిలింది? అదే వార్తని స్వార్థం ఉన్న మనిషి నోట పెట్టి చూడండి.

"ఆక్సిజన్ తగ్గిపోతోంది." ఇది వార్త.
"నువ్వు పాడటం ఆపితే ఇంకో గంట బతుకుతాం." ఇది డైలాగు.
"ఇందాక ఆవలించావే, అది నా వాటాలోది." ఇది ఇంకా మేలు.

హీటర్ పాడైందా? "ఆ పుస్తకం చదవడం అయిపోయిందా? అయిపోయిన పేజీలు ఇలా ఇవ్వు." గ్రహశకలం దూసుకొస్తోందా? "బాకీ ఎల్లుండి ఇస్తానన్నావు కదా, ఇవాళే ఇచ్చెయ్." శకలం సైజు ఎంతో ఎవరూ అడగరు. ఒక్కరు ఆ సైజుని కిలోమీటర్లలో, దశాంశాలతో సహా రాశారు. దయచేసి వద్దు.

సైన్సు తెలుసుకోవద్దని కాదు. తెలిస్తే సీనుకి కొత్త సరుకు దొరుకుతుంది. మూసిన గదిలో ఆక్సిజన్ అయిపోకముందే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఇబ్బంది పెడుతుంది. తలనొప్పి, మగత, బుర్ర మొద్దుబారడం. 1970లో అపోలో 13 వ్యోమగాములకు వచ్చిపడిన చిక్కు ఇదే. ప్రధాన నౌక దెబ్బతినడంతో, చంద్రుడి మీద దిగడానికి ఇద్దరి కోసం కట్టిన చిన్న నౌక లూనార్ మాడ్యూల్‌లో ముగ్గురు తలదాచుకున్నారు. గాలిని శుభ్రం చేసే డబ్బాలు ప్రధాన నౌకలో చతురస్రంగా ఉన్నాయి, వీటిని పెట్టాల్సిన చోటేమో గుండ్రం. చివరికి ప్లాస్టిక్ సంచులు, అట్టలు, టేపుతో అతికించి గట్టెక్కారు. నిజంగా జరిగిన ఈ గండంలోనే మీకు కావలసిన కామెడీ ఉంది: ప్రాణం మీదికి వచ్చింది, సమస్య మాత్రం డబ్బా ఆకారం.

ఇప్పుడు ఒక ఎపిసోడ్. బీబీసీ అంతరిక్ష కామెడీ సిరీస్ 'రెడ్ డ్వార్ఫ్' మూడో సీజన్‌లో 1989లో వచ్చిన 'మరూన్డ్' చూడండి. మంచు గ్రహం మీద చిన్న నౌకలో లిస్టర్, రిమ్మర్ ఇరుక్కుపోతారు. రిమ్మర్ చనిపోయి హోలోగ్రామ్‌గా, అంటే కాంతితో చేసిన బొమ్మగా ఉన్నవాడు, అతనికి చలీ లేదు, ఆకలీ లేదు. లిస్టర్‌కి రెండూ ఉన్నాయి, తినడానికి కుక్కల తిండి డబ్బా ఉంది. మంట ఆరకుండా ఒక్కో వస్తువూ తగలబెడుతూ వస్తారు. లిస్టర్ గిటార్ వంతు వచ్చేసరికి, అతను రిమ్మర్‌కి ప్రాణమైన చెక్కపెట్టె వెనక నుంచి గిటార్ ఆకారంలో ముక్క కోసి, అదే తన గిటార్ అన్నట్టు దాన్ని కాలుస్తాడు. ఆ త్యాగానికి కరిగిపోయిన రిమ్మర్, తన బొమ్మ సైనికుల్ని కూడా మంటకి ఇచ్చేస్తాడు.

ఇందులో సైన్స్ ఫిక్షన్ ఎంత? హోలోగ్రామ్ అన్న ఒక్క ముక్క. దాని పని చూడండి: ఆ మంట రిమ్మర్‌కి అక్కర్లేదు, అయినా ఇచ్చాడు. అందుకే లిస్టర్ చేసిన మోసం చూసి నవ్వుతూనే ఇబ్బంది పడతాం. రిమ్మర్‌కి కూడా చలి వేస్తుంటే అది మామూలు బేరం అయ్యేది. అన్నట్టు ఈ సిరీస్‌లో గ్రహాంతరవాసులు ఉండరు, అది రచయితలు పెట్టుకున్న నియమం. నాకూ అదే ఇష్టం. మూడు కళ్ళున్న జీవిని దింపగానే ఇద్దరు మనుషుల మధ్య గొడవ పక్కకి పోతుంది.

నేనైతే అబద్ధం బయటపడే డైలాగు ముందు రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి వస్తాను. మీరూ ప్రయత్నించండి.

అభ్యాసం: నాలుగు పేజీల సీను. కంప్యూటర్ ఉంటుంది, మాట్లాడదు. ఒక్క అంకె కూడా రాకూడదు. ఇద్దరిలో ఒకరికే ప్రమాదం, అబద్ధమాడేది ఆ ఒక్కరే. అది పూర్తయ్యాక ప్రమాదాన్ని రెండోవారి మీదికి మార్చి మొత్తం మళ్ళీ రాయండి. పాత డైలాగుల్లో మూడుకు మించి మిగిలాయంటే మీరు ఇద్దరు మనుషుల్ని రాయలేదన్నమాట. అలాంటి సీను నాకు పంపకండి, మూడోసారి రాసి పంపండి.