స్పీడోమీటర్‌ను సరిచూసే ముందు, సరిచేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మోటార్‌సైకిల్ మీటరు చూపే వేగం మీద అనుమానం సాధారణంగా దూరప్రయాణానికి బయలుదేరబోయే ముందో, టైర్లు మార్పించిన వారం రోజులకో కలుగుతుంది. అనుమానం రాగానే ఫోనును హ్యాండిల్‌కు బిగించి, 80 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒకసారి మీటరునూ ఒకసారి ఫోనునూ మార్చి మార్చి చూడటం చాలామంది చేసే పని. ఆ వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది కనుక, రెండు అంకెలను పోల్చుకోవడానికి రెండు సెకన్లు తల దించినా 44 మీటర్ల రోడ్డును చూడకుండానే దాటేసినట్లు అవుతుంది. నేను ఒకసారి అలాగే అంకెలు చూస్తూ, ముందు ఆగి ఉన్న లారీని ఆఖరి క్షణంలో గమనించి పక్కకు తప్పుకున్నాను. ఆ రోజు నుంచి నడుపుతూ అంకెలు పోల్చే పనిని పూర్తిగా మానుకున్నాను.

పరీక్షకు దిగే ముందు, ఎంత తేడాను లోపంగా లెక్కించాలో తెలుసుకోవాలి. మీటరు కొంత ఎక్కువ చూపడం తయారీదారులు కావాలని చేసేదే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో 39వది, మీటరు చూపే వేగం ఏ పరిస్థితిలోనూ అసలు వేగం కంటే తగ్గకూడదనీ, కొత్త నమూనాకు ఆమోదం ఇచ్చే సమయంలో ఆ ఎక్కువ అసలు వేగంలో పదోవంతుకు 4 కిలోమీటర్లు కలిపినంతకు మించకూడదనీ చెబుతుంది. అంటే బండి నిజంగా 80లో పోతున్నప్పుడు ముల్లు 92 వరకు చూపినా ఆ హద్దులోనే ఉన్నట్లు లెక్క. కాబట్టి 80కి 85 చూపే మీటరును విప్పించడం అనవసరమైన ఖర్చు. తక్కువ చూపే మీటరు సంగతి వేరు. మీటరులో 80 కనిపిస్తున్నప్పుడు అసలు వేగం 88 అయితే, బ్రేకులు మింగవలసిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కనుక, అది 21 శాతం ఎక్కువవుతుంది. అటువంటి బండిని సరిచేయించేదాకా దూరప్రయాణానికి తీయకూడదు.

మీటరును అనుమానించే ముందు టైర్లను చూడాలి. బండి చల్లగా ఉన్నప్పుడు గాలిని కొలిచి, కంపెనీ చెప్పిన మోతాదుకు నింపాలి. గాలి తగ్గిన టైరు తిరిగే వ్యాసార్థం కొంచెం తగ్గి, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. దాని వలన మీటరు ఎక్కువ చూపుతుంది. అరిగిన టైరుతోనూ ఇదే జరుగుతుంది. కొత్త టైరులో 6 మిల్లీమీటర్ల లోతున్న గాడి ఒకటిన్నరకు అరిగితే వ్యాసం 9 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 17 అంగుళాల చక్రానికి అది సుమారు ఒకటిన్నర శాతం. టైరు కొలత పెంచినప్పుడు లెక్క తిరగబడుతుంది. 130/70-17 (వెడల్పు 130 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 70 శాతం, చక్రం 17 అంగుళాలు) టైరు స్థానంలో 140/70-17 వేస్తే చుట్టుకొలత 1.93 మీటర్ల నుంచి 1.97 మీటర్లకు పెరిగి, ఆ చక్రం నుంచే కొలత తీసుకునే మీటరు సుమారు 2 శాతం తక్కువ చూపుతుంది. లావు టైరు చూడటానికి బాగుంటుందని వేయించుకునేవారు ఈ సంగతిని ముందే ఆలోచించరు.

కొలత ఎక్కడి నుంచి వస్తున్నదో కూడా తెలియాలి. కొన్ని బండ్లలో అది ముందు చక్రం నుంచీ, కొన్నింటిలో వెనుక చక్రం నుంచీ, మరికొన్నింటిలో గేర్‌బాక్స్ నుంచీ వస్తుంది. గేర్‌బాక్స్ దగ్గర సెన్సర్ ఉన్న బండిలో ముందు స్ప్రాకెట్‌ను (చైన్‌ను తిప్పే పళ్లచక్రాన్ని) 15 పళ్ల నుంచి 14కు మార్చితే, అదే వేగానికి గేర్‌బాక్స్ ఎక్కువ తిరిగి, మీటరు 7 శాతం ఎక్కువ చూపడం మొదలవుతుంది. అదే మార్పును చక్రం దగ్గర సెన్సర్ ఉన్న బండిలో చేస్తే మీటరుకు ఏమీ కాదు.

నా అనుభవంలో అన్నింటి కంటే ఎక్కువ పనికొచ్చేది, అందరూ వదిలేసేది ఓడోమీటర్ పరీక్ష, అంటే బండి నడిచిన దూరాన్ని చూపే అంకెల పరీక్ష. ముల్లు ఉండే పాత రకం మీటరులో కేబుల్ చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. దానికి తగలకుండా పైన ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగినప్పుడు గిన్నెలో పుట్టే సుడి విద్యుత్తు దానిని వెంట లాగుతుంది, వెంట్రుకంత సన్నని స్ప్రింగు దానిని వెనక్కు పట్టి ఉంచుతుంది, ఆ రెండింటి మధ్య తేలిన చోట ముల్లు నిలుస్తుంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం అదే కేబుల్‌కు పళ్లచక్రాలతో నేరుగా కలిసి ఉంటాయి. కాబట్టి కిలోమీటరు రాళ్లు సరిగ్గా ఉన్న రోడ్డు మీద 10 కిలోమీటర్లు నడిపి ఓడోమీటర్‌ను చూస్తే లోపం ఏ వైపున ఉన్నదో తెలిసిపోతుంది. దూరం సరిగ్గా ఉండి వేగం తప్పుగా ఉంటే తప్పు అయస్కాంతం, స్ప్రింగు, ముల్లు వైపు ఉంటుంది. రెండూ ఒకే నిష్పత్తిలో తప్పుగా ఉంటే టైరు కొలతనో, చక్రం దగ్గరి గేరునో అనుమానించాలి. మీటరు మార్పించుకున్న తరువాత కూడా అదే తప్పు కనిపిస్తున్నదని వాపోయేవారిలో చాలామంది ఈ పరీక్ష చేసి ఉండరు.

వేగాన్ని కొలవడానికి జీపీఎస్ మంచిదే, కానీ అది స్థిరమైన వేగానికి మాత్రమే నమ్మదగినది. వేగం పెంచుతున్నప్పుడూ తగ్గిస్తున్నప్పుడూ దాని అంకె కొంచెం వెనకబడుతుంది. సొరంగాలలోనూ ఎత్తైన భవనాల మధ్యనూ అది తప్పు చూపవచ్చు. ఆకాశం తెరచుకుని ఉండి, వాహనాలు తక్కువగా ఉన్న తిన్నని, చదునైన రోడ్డును వెలుతురు బాగా ఉన్న వేళ ఎంచుకుని, 40, 60, 80 వేగాలలో ఒక్కొక్కదాని దగ్గర కనీసం పది సెకన్లు స్థిరంగా నడపాలి. వెనుక కూర్చున్నవారు ఫోను అంకెను చూసి రాసుకోవడం అత్యుత్తమం. ఒంటరిగా వెళ్లవలసి వస్తే, వేగాన్ని నమోదు చేసే యాప్‌ను బయలుదేరే ముందే తెరిచి, ఫోనును జేబులో పెట్టుకుని, ఏ నిమిషంలో ఏ వేగం పట్టుకున్నారో ఇంటికి వచ్చి పోల్చుకోవాలి. హ్యాండిల్ మీద ఫోను ఉంచితే ఇంజను కంపనం కెమెరాలోని స్థిరీకరణ భాగాన్ని దెబ్బతీయవచ్చు, ఇది కూడా గుర్తుంచుకోదగినది.

ఫోను లేకున్నా పని జరుగుతుంది. ఒక కిలోమీటరుకు పట్టిన సెకన్లతో 3600ను భాగిస్తే గంటకు వేగం వస్తుంది. మీటరులో 60 నిలిపి ఉంచినప్పుడు 64 సెకన్లు పడితే అసలు వేగం సుమారు 56. ఒక సెకను తేడా వచ్చినా ఫలితం కిలోమీటరు దాకా మారుతుంది కనుక 5 కిలోమీటర్ల మీద కొలవడం మేలు.

వచ్చిన అంకెలను వరుసగా రాసుకుంటే లోపం స్వభావం కనిపిస్తుంది. అసలు వేగం 40, 60, 80 ఉన్నప్పుడు మీటరు 44, 66, 88 చూపితే అది నిష్పత్తిలో ఉన్న తప్పు. 44, 64, 84 చూపితే ముల్లు తన స్థానంలో లేదన్నమాట. ముల్లు ఊగుతుంటే కేబుల్ ఎండిపోయి ఉండవచ్చు, లేదా ఎక్కడో పదునుగా వంగి ఉండవచ్చు.

కేబుల్‌ను శుభ్రం చేసేటప్పుడు లోపలి తీగను బయటకు లాగి, కిరోసిన్‌తో తుడిచి, కింది మూడింట రెండు వంతులకు మాత్రమే పలుచగా గ్రీజు రాయాలి. పైభాగానికి కూడా దట్టంగా పూస్తే, తిరుగుతున్న తీగ గ్రీజును పైకి ఎక్కించి మీటరులోకి తోస్తుంది, ఆపైన ముల్లు జిగురులో పడ్డట్లు కదులుతుంది. బిగించిన తరువాత హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పి, కేబుల్ ఎక్కడా లాగబడటం లేదనీ, బ్రేకు పైపుకు రాసుకోవడం లేదనీ చూడాలి. ముందు చక్రం విప్పి ఉంటే, కేబుల్‌ను తిప్పే చక్రం దగ్గరి చిన్న గేరు పెట్టె నాలుకలు చక్రం గాడిలో కూర్చున్నాకే ఇరుసు నట్టును చెప్పిన బలానికి బిగించాలి, నాలుకలు పక్కకు జరిగి ఉండగా బిగిస్తే అవి విరిగిపోతాయి. బయలుదేరే ముందు బ్రేకు లివర్‌ను గట్టిపడే వరకు నొక్కడం మరువరాదు, ఎందుకంటే చక్రం తీసి పెట్టిన తరువాత మొదటి నొక్కుకు లివర్ గట్టిపడకపోవడం సాధారణం. ముల్లును మాత్రం సొంతంగా పీకి పెట్టకండి. స్ప్రింగు వంగితే మీటరు మొత్తం పోతుంది.

ఎలక్ట్రానిక్ మీటరుకు సెన్సర్ తీగ మధ్యలో పెట్టే సవరణ పరికరాలు దొరుకుతాయి. వాటిలో వేయవలసిన శాతాన్ని మీటరు చూపిన అంకె మీద లెక్కించాలి. 88 చూపి, అసలు 80 ఉంటే 8ని 88తో భాగించగా వచ్చే 9.1 శాతాన్ని తగ్గించాలి. కానీ ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. చాలా బండ్లలో వేగం కావాలని ఎక్కువ చూపించినా దూరం సరిగ్గానే లెక్కపెడుతుంది, పరికరం రెండింటినీ కలిపి తగ్గిస్తుంది. వేగం సరిపోతుంది కానీ 100 కిలోమీటర్లు నడిచిన బండి 91 అని చూపుతుంది. ఓడోమీటర్‌ను తక్కువ చూపేలా చేయడం అనేక దేశాల్లో నేరం. అందువల్ల స్ప్రాకెట్‌నో టైరునో మార్చినందువల్ల దూరం కూడా తప్పిన బండికే ఈ పరికరాన్ని వాడటం సమంజసమని నా అభిప్రాయం. మిగిలినవారు మీటరు పక్కన చిన్న చీటీ అంటించుకుని, 88 అంటే 80 అని గుర్తుపెట్టుకుంటే చాలు.

తీగలు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ కొసను విప్పాలి. అదే సెన్సర్ సంకేతం ఏబీఎస్‌కో (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది) ట్రాక్షన్ కంట్రోల్‌కో (వేగం పెంచినప్పుడు చక్రం జారకుండా చూసేది) కూడా వెళుతుంటే, పరికరాన్ని మీటరుకు మాత్రమే వెళ్లే తీగలో పెట్టాలి, అది సాధ్యం కాకపోతే పెట్టకుండా వదిలేయాలి. పని అయ్యాక సెంటర్ స్టాండ్ మీద వెనుక చక్రం తిప్పి చూసేవారు చైన్‌కు, స్ప్రాకెట్‌కు దగ్గరగా చేతులూ గుడ్డలూ రాకుండా చూసుకోవాలి. ఆ రోజు ఓడోమీటర్ అంకెనూ తేదీనూ సర్వీసు పుస్తకంలో రాసి, మళ్లీ అదే రోడ్డు మీద అదే మూడు వేగాలలో కొలవాలి.