బడి బల్ల ముందు: టీచరు ట్రైనింగులో చేరేలోపు ఇంట్లో నేర్చుకునే పాఠాలు
4వ పాఠం: నల్లబల్ల రాత

గత పాఠంలో కథను గట్టిగా చదివి వినిపించడం సాధన చేశారు. ఈసారి చేతికి పని, బల్ల మీద చక్కగా రాయడం. టీచరు ట్రైనింగు ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాసి, సీట్ల కౌన్సెలింగు కోసం ఎదురుచూస్తున్న ఈ నెలల్లోనే దీన్ని మొదలుపెట్టాలి. అంగలూరు డైట్‌లో (జిల్లా ప్రభుత్వ ట్రైనింగు కాలేజీలో) సీటు వచ్చినా, బోయపాలెంలో వచ్చినా, ఇంటి దగ్గరని విజయవాడలోనో గుంటూరులోనో ప్రైవేటు కాలేజీలో చేరినా, తరగతులు మొదలయ్యాక సిలబస్, రికార్డులు, బడికి వెళ్ళే రోజులు మీద పడతాయి. చేతిరాత కుదుర్చుకునే తీరిక అప్పుడు దొరకదు.

పైగా ఈ నైపుణ్యాన్ని ఏ పోటీ పరీక్షా అడగదు. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో 150 ప్రశ్నలూ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే, ఉద్యోగాల ఎంపిక పరీక్ష డీఎస్సీ కూడా అంతే. డీఎస్సీ కోచింగుకు పేరుపడ్డ అవనిగడ్డకు వెళ్ళి నెలల తరబడి చదివినా అక్కడ చెప్పేది ఆ పరీక్షకు కావలసిందే. అలా ఎస్జీటీగా (చిన్న తరగతుల టీచరుగా) ఎంపికైన మనిషి మొదటిసారి ఒకటో తరగతి బల్ల మీద ‘అ’ రాసేటప్పుడు ముందు కూర్చున్న పిల్లలు ఆ చేతినే చూస్తుంటారు. మీరు గీత ఎక్కడ మొదలుపెట్టారో వాళ్ళూ అక్కడే మొదలుపెడతారు. మీ తలకట్టు వంకరగా ఉంటే వాళ్ళ పలకల మీదా వంకరే. పెద్దయ్యాక ఆ చేతిని మార్చడం చాలా కష్టం. అందుకే దీన్ని అందచందాల వ్యవహారంగా చూడకండి, ఇది పాఠంలో భాగం.

ముందు బల్ల తయారు చేసుకుందాం

నోటుపుస్తకంలో ఎంత రాసినా బల్ల రాత రాదు. పుస్తకంలో వేళ్ళు, మణికట్టు కదులుతాయి, బల్ల మీద భుజం నుంచి చెయ్యంతా కదలాలి. కాబట్టి నిలబడి రాసే బల్ల ఒకటి ఇంట్లో ఉండాలి. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, 6 లేదా 8 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ ముక్క చాలు. విజయవాడ వన్‌టౌన్‌లో గానీ గుంటూరు పట్నంబజారు వైపు గానీ కొలత చెబితే కోసి ఇస్తారు. కోసిన చోట మిగిలిపోయిన ముక్క దొరికితే ఇంకా మంచిది. దాంతోపాటు బ్లాక్‌బోర్డు పెయింటు చిన్న డబ్బా, రెండంగుళాల బ్రష్, 120 నంబరు ఉప్పుకాగితం ఒకటి, 220 నంబరుది ఒకటి తెచ్చుకోండి. మామూలు నల్ల ఎనామిల్ మాత్రం వద్దు. అది నున్నగా మెరుస్తుంది, సుద్ద దాని మీద జారిపోతుంది, కిటికీ వెలుతురు పడితే రాత కనబడదు.

120 కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, మొదటి పూత అడ్డంగా వెయ్యండి. రాత్రంతా ఆరనిచ్చి, 220తో తేలిగ్గా రుద్ది, రెండో పూత నిలువుగా వెయ్యండి. వాన ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఉంటే పెయింటు పైకి ఆరినట్టుండి లోపల మెత్తగా ఉంటుంది, సుద్ద పెట్టగానే గీతలు పడిపోతాయి. రెండో పూత తర్వాత మూడు రోజులు ముట్టుకోకుండా ఉంచండి.

ఆ తర్వాత చేసే పనిని చాలామంది వదిలేస్తారు. చాక్‌పీసును పడుకోబెట్టి, దాని పక్కభాగంతో బల్లంతా తెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. కొత్త పెయింటులో ఉన్న సన్నటి గుంటల్లో సుద్దపొడి సమంగా నిండుతుంది. ఇది చెయ్యకుండా రాస్తే మొదట రాసిన అక్షరాలు ఆ గుంటల్లో ఇరుక్కుని, ఎంత తుడిచినా నీడలా కనిపిస్తూనే ఉంటాయి. పాత రోజుల్లో బొగ్గూ గుంటగలగరాకూ కలిపి నూరి పలకలకూ బల్లలకూ పట్టించేవాళ్ళు. ఇప్పుడు నాడు-నేడు పథకం కింద బాగుచేసిన ప్రభుత్వ బళ్ళలో ఆకుపచ్చ బల్లలున్నాయి, వాటికీ ఈ సుద్దపూత పద్ధతే.

చాక్‌పీసు పట్టుకోవడం

కొత్త చాక్‌పీసును నిండు పొడవుతో వాడితే కీచుమంటుంది. పొడవాటి ముక్క బల్ల మీద ఆగుతూ జారుతూ కంపిస్తుంది, ఆ కంపనమే చప్పుడు. రెండంగుళాల ముక్కగా విరిచి, బొటనవేలికీ మొదటి రెండు వేళ్ళకీ మధ్య పట్టుకుని, బల్లకు 45 డిగ్రీల వాలులో ఉంచండి. వెనక కొస అరచేతి వైపు ఉండాలి. పెన్నులా పట్టుకుంటే గీత సన్నబడుతుంది, పది నిమిషాలకే వేళ్ళు నొప్పెడతాయి. రెండు మూడు అక్షరాలకోసారి ముక్కను వేళ్ళ మధ్య కొద్దిగా తిప్పుతూ ఉంటే కొస ఒకే వైపు అరిగిపోదు, గీత మందం మారదు.

రంగుల్లో తెలుపు, పసుపు మాత్రమే రాతకు పనికొస్తాయి. ఎరుపు, ముదురు నీలం, ఊదా దగ్గర నుంచి ముచ్చటగా ఉంటాయి గానీ వెనక వరుసకు కనబడవు. పసుపును వత్తులకు, కొత్తగా నేర్పే గుర్తుకు అట్టిపెట్టుకోండి.

తడిగుడ్డతో తుడిచిన వెంటనే రాయకండి. తడి మీద రాసింది ముందు కనబడదు, ఆరాక బల్లను కరుచుకుని ఊడిరాదు. డస్టరును అడ్డంగా ఊపకుండా పైనుంచి కిందికి లాగితే పొడి నేరుగా కిందికి రాలుతుంది, ముందు వరుస పిల్లల ముఖాల మీదకి ఎగరదు.

అక్షరం ఎంత, వరుస ఎంత

వెనక వరుస బల్లకు ఇరవై అడుగుల దూరంలో ఉంటే అక్షరం ఒళ్ళు రెండంగుళాలకు తగ్గకూడదు. ఒకటి, రెండు తరగతులకు మూడంగుళాలు పెట్టండి. తెలుగుకు ఇది ఒక్కటే సరిపోదు. పైన గుడికీ ఏత్వానికీ ఒక అంగుళం, కింద వత్తుకు ఒకటిన్నర అంగుళం వదలాలి. అంటే రెండంగుళాల అక్షరానికి వరుస ఎత్తు నాలుగున్నర అంగుళాలు. మూడడుగుల బల్లలో అలాంటి వరుసలు ఎనిమిది పడతాయి. పై వరుస తేదీకి, పాఠం పేరుకి పోతుంది. అట్టడుగు వరుస ముందు పిల్లల తలలు అడ్డొచ్చి వెనకవాళ్ళకు కనబడదు. మిగిలినవి ఆరు. కుడివైపు ఒక అడుగు చిత్తు పనికి గీత కొట్టి విడదీస్తే, ఒక్కో వరుసలో పద్నాలుగు అక్షరాలు పడతాయి, అంటే మూడు నాలుగు మాటలు. బల్ల మీద పేరాలు పేరాలు రాయాలనుకున్నవాళ్ళు ఈ లెక్కను ఒకసారి చూసుకోవాలి. బల్లకు ఎక్కించేది తక్కువ, ఎంచుకున్నది కావాలి.

రాత ఒక పక్కకు ఎక్కడమో దిగడమో అందరికీ వచ్చే జబ్బు. కారణం చేతిలో లేదు, కాళ్ళలో ఉంది. ఒకే చోట నిలబడి చెయ్యి చాపితే భుజం ఇరుసులా పనిచేస్తుంది, రాత విల్లులా వంగుతుంది. రెండు మాటలకోసారి ఒక అడుగు పక్కకు జరగండి. మొదటి రెండు వారాలు వరుసలు కొట్టుకునే రాయండి. నూలు దారానికి సుద్ద రుద్ది, రెండు కొసలూ గట్టిగా లాగి పట్టి, మధ్యలో వేళ్ళతో లాగి వదిలితే సన్నటి తిన్నని గీత పడుతుంది.

కుడిచేతివాళ్ళు తాము రాసే చోటుకు ఎడమ పక్కన, ఒళ్ళు సగం తరగతి వైపు తిప్పి నిలబడాలి. అప్పుడే అక్షరం పుట్టడం పిల్లలకు కనబడుతుంది. ఎడమచేతివాళ్ళు కుడి పక్కన నిలబడితే చాలు, చెయ్యి మార్చుకోనక్కర లేదు. రాస్తూ బల్లతో మాట్లాడకండి. ముందు పిల్లలను చూసి చెప్పండి, తిరిగి రాయండి, మళ్ళీ వాళ్ళ వైపు తిరగండి.

అక్షరాల దగ్గర ఆగుదాం

ఇక్కడే ఎక్కువ రోజులు పెట్టండి. ఇన్నేళ్ళ వేగంలో మన అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. మాట తెలిసిన పెద్దవాళ్ళు ఎలాగో చదివేస్తారు. ఆరేళ్ళ పిల్లకు ఆ ఆకారం తప్ప ఇంకే ఆధారమూ ఉండదు.

తలకట్టుతో మొదలుపెట్టండి. అక్షరం ఒళ్ళు పూర్తయ్యాక దాన్ని పెట్టాలి: చిన్న గీత కిందికి దిగి, పెద్ద గీత పైకి లేవాలి. హల్లుల్లో ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ లకు తలకట్టు లేదు. వీటిని ఒక వరుసలో, తలకట్టున్నవాటిని మరో వరుసలో రాసి చూసుకోండి. ‘బ’ మీద పొరపాటున తలకట్టు పెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది.

తర్వాత జంటలు. ‘ప’ నోరు తెరిచి ఉంటుంది, దాని తలకట్టు కుడి కొమ్మకు తగలకూడదు. ‘వ’ నోరు మూసి ఉంటుంది. ‘మ’లో ముందు ‘వ’ స్పష్టంగా కనబడి, ఆ తర్వాత కొమ్ము రావాలి. ‘ద’ కింద గీత పెడితే ‘ధ’, ఆ కడుపులో చుక్క కూడా ఉంటే ‘థ’. రథంలో చుక్క ఉంది, బాధలో లేదు. గోడల మీదా బోర్డుల మీదా ఈ చుక్క ఎటుబడితే అటు పోతుంది, బడి బల్ల మీద మాత్రం పోకూడదు.

గుణింతం చూపించేటప్పుడు బల్ల చేసే మేలు అచ్చు పుస్తకం చెయ్యలేదు. ‘పలక’ అని రాయండి. పిల్లల చేత చదివించండి. ఇప్పుడు గుడ్డ కొసను చూపుడువేలికి చుట్టి, ‘ప’ మీది తలకట్టును మాత్రం తుడిచెయ్యండి. ఒక్క క్షణం అలాగే ఉంచండి. ఆ చోట పసుపు చాక్‌పీసుతో గుడి పెట్టండి: ‘పిలక’. మిగతా అక్షరాల్లో ఒక్క గీత కూడా మారలేదని వాళ్ళు కళ్ళారా చూస్తారు. తలకట్టు ఉంచేసి దాని పైన గుడి పెట్టే తప్పు రెండో తరగతి దాకా కనిపిస్తుంది. తుడిచే దశ చూపించకపోవడమే దానికి పెద్ద కారణం. దీర్ఘం, గుడి, ఏత్వం వస్తే ‘ప’ మీది తలకట్టు పోతుంది. కొమ్ము వస్తే ఉంటుంది. ‘వు’ రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త: కొమ్మును పక్కన తగిలిస్తే అది ‘మ’ అయిపోతుంది, అందుకే దాన్ని కింది నుంచి తిప్పాలి. ‘ఆవు’ అని పదిసార్లు రాసి, దూరంగా వెళ్ళి చూడండి. ‘ఆమ’ అని చదవడానికి వీలుంటే మళ్ళీ రాయండి.

అంకెల గురించి కొద్దిగా. 52 లోంచి 27 తీసివెయ్యడం చూపాలంటే నాలుగంగుళాల గళ్ళు గీసుకుని, గడికి ఒకే అంకె వెయ్యండి. 52కు పైన ఒక వరుస ఖాళీగా వదలండి. పదుల నుంచి ఒకటి తీసుకున్నాక 5 బదులు 4, 2 బదులు 12 ఆ ఖాళీలోనే రావాలి. ఖాళీ వదలనివాళ్ళు 5ను కొట్టేసి పక్కన ఇరికిస్తారు, వెనకవాళ్ళకు అది 54లా కనబడుతుంది.

మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషు కాబట్టి ఇంగ్లీషు రాత కూడా నాలుగు గీతల మీద సాధన చెయ్యాలి. దానికి వేరే పాఠం ఉంది.

ఈ వారం పని

రోజూ ఇరవై నిమిషాలు చాలు, కానీ నిలబడే చెయ్యాలి. మొదటి రెండు రోజులు అక్షరాలు వద్దు. బల్ల ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అడ్డగీతలు, నిలువుగీతలు, సున్నాలు. తర్వాతి మూడు రోజులు తలకట్టు, పైన చెప్పిన జంటలు. చివరి రెండు రోజులు ఒకటో తరగతి వాచకంలోంచి ఆరు వరుసలు.

రాశాక ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి నేల మీద కూర్చుని చదవండి. ఇంట్లో అంత జాగా లేకపోతే డాబా మీదకు తీసుకెళ్ళండి. ఫోను కెమెరాలో గళ్ళు కనిపించేలా పెట్టి ఫొటో తీస్తే వరుస ఎక్కడ జారిందో తెలిసిపోతుంది. మీ రాత తెలియని మనిషితో, వీలైతే రెండో తరగతి చదివే పిల్లతో చదివించండి. తను తడబడిన అక్షరాల చుట్టూ సున్నా చుట్టి, మర్నాడు వాటితోనే మొదలుపెట్టండి.

చివరగా గడియారం పెట్టుకోండి. ట్రైనింగులో సూక్ష్మబోధన (మైక్రోటీచింగ్) అని చిన్న పాఠం చెప్పి, లోపాలు దిద్దుకుని మళ్ళీ చెప్పే సాధన ఉంటుంది. అందులో ఒక ఆవృత్తం, అంటే ఒక చుట్టు, 36 నిమిషాలు: బోధన 6, పరిపుష్టి (ఫీడ్‌బ్యాక్) 6, పునఃప్రణాళిక 12, పునర్బోధన 6, మళ్ళీ పరిపుష్టి 6. మీకు దొరికే ఆరు నిమిషాల్లో రెండు నిమిషాలకు మించి బల్లకు ఇవ్వలేరు. రెండు నిమిషాల్లో తేదీ, పాఠం పేరు, రెండు వరుసలు రాయగలుగుతున్నారో లేదో చూసుకోండి. మొదట్లో ఒక వరుసకే సమయం అయిపోతుంది. వేగం కోసం అక్షరం చిన్నది చెయ్యకండి, మాటలు తగ్గించండి.

వచ్చే పాఠం కట్టలు విప్పి తీసివేత చెప్పడం. దానికి ఒకే పొడవు కోసిన చీపురుపుల్లలు 100, రబ్బరు బ్యాండ్లు 11 సిద్ధంగా ఉంచండి. పది పుల్లలకో బ్యాండు, ఆ పది కట్టలూ కలిపి కట్టడానికి ఒకటి. పుల్లల కొసలు ఉప్పుకాగితంతో రుద్దండి, ఈ పాఠంలో మిగిలిన 120 నంబరు ముక్క దానికి సరిపోతుంది.